నొక్కుడు మేస్త్రి

మా వీధిలో ఆయన్ని అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. నొక్కుడు మేస్త్రి అంటే చాలు, ఉత్తరాలు పంచే ఆయన కూడా నేరుగా ఆ రేకుల షెడ్డు ముందుకే వచ్చి ఆగుతాడు. కొత్తవాళ్ళకి ఆ పేరు వింటే నవ్వొస్తుంది. నడుం పట్టేసిన ఒక పెద్దమనిషి, ఈయనెవరో ఒళ్ళు పట్టే మనిషి అనుకుని, చొక్కా విప్పేసి షెడ్డులో బల్ల మీద బోర్లా పడుకున్నాడట. మేస్త్రి నవ్వలేదు. తాను వడ్రంగినని మెల్లగా చెప్పి, లేపి కూర్చోబెట్టి, ఒంటికి అంటుకున్న రంపపు పొట్టు దులిపి, టీ ఇప్పించి పంపించాడు.

అంతకుముందు ఆయన పేరు పరాకు మేస్త్రి.

నేను వాళ్ళ పైవాటాలో ఉంటాను. అచ్చుకి వెళ్ళే పుస్తకాల్లో తప్పులు దిద్దడం నా పని, కాబట్టి రోజంతా కిటికీ దగ్గరే. కిటికీ కింద ఆయన షెడ్డు. చిత్రిక పడుతూ పడుతూ, చుట్టలు చుట్టుకుని లేచే చెక్క పొరను చూసి ఆయన అలా ఆగిపోయేవాడు. ఆ పొరని రెండు వేళ్ళతో పట్టుకుని, వెలుతురుకి ఎదురుగా పెట్టి, అందులోంచి వీధిని చూసేవాడు. పలచటి టేకు పొరలోంచి చూస్తే వీధంతా తేనె రంగులో ఉంటుందని నాకొకసారి చెప్పాడు. ఆ రంగులో మనుషులు మెల్లగా నడుస్తారట. ఈలోగా ఇక్కడ జిగురు గట్టిపడేది, టీ చల్లారేది, తలుపు చేయించుకుందామని వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి దగ్గి దగ్గి అలిసిపోయేవాడు. అప్పుడు లోపలి గదిలోంచి ఆయన భార్య కుట్టుమిషను ఆపి, "ఏమండీ, దిగి రండి, ఎవరో వచ్చారు" అనేది. మేడ మీదున్న మనిషిని కిందికి పిలిచినట్టే ఉండేది ఆ పిలుపు.

ఆవిడది కుట్టుపని. చొక్కాలు, గౌన్లు, బడిపిల్లల సంచులు కుట్టేది. టిచ్ బటన్లు కుట్టడంలో ఆవిడ చేతికి తిరుగులేదని వీధంతా ఒప్పుకునేది. నొక్కితే టక్కున పడాలి, లాగితే గుడ్డ చిరక్కుండా ఊడాలి. రెండూ కుదిరేలా కుట్టడం అందరివల్లా కాదు. ఆయన ఎక్కడో తేలుతూ ఉంటే ఆవిడ నేల మీద గట్టిగా నిలబడి ఉండేది. అలా వాళ్ళ సంసారం బాగానే సాగేది.

తర్వాత ఊళ్ళోకి రెడీమేడ్ తలుపులు వచ్చిపడ్డాయి. పొద్దున కొలత చెబితే సాయంత్రానికి బందులతో సహా తెచ్చి బిగించి పోతున్నారు. మేస్త్రికి పని పలచబడింది. విరిగిన కుర్చీ కాళ్ళు, ఊగే బల్లలు, అంతే. ఆయన దిగులుపడినట్టు పైకి కనపడలేదు కానీ, చెక్క పొరల్లోంచి వీధిని చూడటం మాత్రం మానేశాడు. అది గమనించి నాకే ఏదోలా అనిపించేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం షెడ్డు ముందు ఒకావిడ స్కూటర్ ఆపింది. ఊరి చివర ఫ్యాక్టరీలో డిజైనర్‌నని చెప్పింది. ఆ ఫ్యాక్టరీలో ఏం చేస్తారో వీధిలో ఎవరికీ సరిగా తెలియదు; ఏవో చిన్నచిన్నవి చేస్తారని మాత్రం అనుకునేవాళ్ళం. ఆవిడ ఒక కాగితపు పొట్లం విప్పి, మేస్త్రి అరచేతిలో రేకు డబ్బా ఒకటి పెట్టింది. డబ్బా అంటే పెద్ద మాట. బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దది, అంతే. ఫోన్లలోనూ కెమెరాల్లోనూ మెమరీ కార్డు దూర్చే అర అది. ఆవిడ ఒక కార్డు తీసి అందులోకి వేలితో తోసింది. 'క్లిక్'మంది, కార్డు లోపలే ఉండిపోయింది. అదే వేలితో మళ్ళీ కాస్త లోపలికి నొక్కింది. ఇంకోసారి 'క్లిక్'మంది, ఈసారి కార్డు తనంతట తానే బయటికి వచ్చింది.

మేస్త్రి దాన్ని తీసుకుని తనూ కార్డుని తోసి, ఇంకోసారి నొక్కాడు. వచ్చింది. మళ్ళీ నొక్కాడు, ఉండిపోయింది. అలా ఎంతసేపు నొక్కాడో! లోపల ఏముందని అడిగాడు చివరికి.

"ఆ లోపలున్నదాన్నే మీరు చెక్కతో చెయ్యాలి మేస్త్రీ," అందావిడ. "మనిషంత."

సంగతి ఇది. ఏవో దేశాలవాళ్ళు వచ్చే పెద్ద ప్రదర్శన ఒకటి జరగబోతోంది. ఫ్యాక్టరీవాళ్ళ సరుకంతా ఒక గుప్పిట్లో పడుతుంది. ఎంత గొప్పగా చేసినా, వచ్చినవాళ్ళకి కనపడేది ఒక రేకు ముక్క. తెర మీద బొమ్మలు వేసి చూపించడం అందరూ చేసేదే. చేత్తో నొక్కి చూసేలా, లోపల ఏం జరుగుతోందో ఎదురుగా నిలబడి చూసేలా ఒకటి ఉంటే బాగుంటుందని ఫ్యాక్టరీ యజమానికి తోచింది. ఇనుముతో చేస్తే మోయలేరు. అందుకని ఆవిడ మంచి వడ్రంగి కోసం ఆరాతీస్తూ వచ్చింది. ఎవరు చెప్పారో కానీ, పనిమంతుడే, కాకపోతే కాస్త పరాకు అని కూడా చెప్పారట.

ఆవిడ బల్ల మీద పెద్ద కాగితం పరిచి బొమ్మ చూపించింది. మధ్యలో ఒక గాడి, అచ్చం పిల్లలు గీసే గుండె బొమ్మలా ఉంది. ఆ గాడిలో ఒక పుల్ల కొస తిరుగుతూ ఉంటుంది. కార్డుని లోపలికి తోస్తే ఆ పుల్ల గుండెకి ఒక పక్కనుంచి పైకి ఎక్కుతుంది. వేలు తీసేస్తే, స్ప్రింగు కాస్త వెనక్కి నెట్టగానే, పుల్ల జారి గుండె నడినెత్తిన ఉన్న పల్లంలో కూర్చుంటుంది. అదే పట్టు. మళ్ళీ నొక్కితే పుల్ల పల్లంలోంచి లేచి, రెండో పక్కనుంచి కిందికి దిగుతుంది. కార్డు బయటికి వచ్చేస్తుంది. ఎక్కిన దారిన దిగడానికి వీల్లేకుండా గాడి అడుగున చిన్నచిన్న మెట్లున్నాయి. ఒకసారి మెట్టు దిగిందా, ఇక వెనక్కి పోలేదు.

మేస్త్రి ఆ గాడి మీద చూపుడు వేలు పెట్టి ఒకసారి చుట్టూ తిప్పాడు. ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చింది వేలు. ఆ సాయంత్రం మళ్ళీ చెక్క పొర ఒకటి తీసి వెలుతురుకి ఎదురుగా పెట్టుకోవడం నా కిటికీలోంచి చూశాను.

పని మొదలైంది. గుండె ఆకారపు గాడిని తొలవడానికే చాలా రోజులు పట్టింది. ఉలితో చెక్కడం, ఉప్పు కాగితంతో రుద్దడం, పుల్లకి బదులుగా చేసిన ఇనుప కడ్డీని అందులో నడిపి చూడటం, ఎక్కడో తట్టుకుంటే మళ్ళీ రుద్దడం. కార్డుకి బదులు తలుపు రెక్కంత పలక చేశాడు. లారీల మరమ్మతు షాపులోంచి పాత స్ప్రింగొకటి తెచ్చాడు.

మొదటిసారి బిగించి చూసిన రోజు నాకు బాగా గుర్తుంది. మేస్త్రి రెండు చేతులతో పలకని లోపలికి తోశాడు. సుత్తి దెబ్బలాంటి చప్పుడైంది, పలక నిలిచింది. ఆయన ముఖం వెలిగిపోయింది. డిజైనరమ్మ కూడా ఆ రోజు అక్కడే ఉంది. ఆయన మళ్ళీ నొక్కి పక్కకి తప్పుకున్నాడు. తప్పుకోవడం మంచిదైంది. పలక షెడ్డులోంచి దూసుకొచ్చి, గుమ్మం దాటి, రోడ్డుకి అడ్డంగా జారి, ఎదుటి గోడకి ఆనించి ఉన్న పాలవాడి సైకిల్ని కింద పడేసి అక్కడ ఆగింది. పాలవాడు కాసేపు సైకిల్ని, కాసేపు షెడ్డుని చూశాడు. తనేం తప్పు చేశానని మాత్రం ఆ మనిషి అడగలేకపోయాడు.

మేస్త్రి తలపట్టుకున్నాడు. డిజైనరమ్మ మాత్రం నవ్వు ఆపుకోలేక బల్ల మీద కూర్చుండిపోయింది. తర్వాత చెప్పింది: చిన్నవాటితోనూ ఇదే గొడవట. తను ఉద్యోగంలో చేరిన కొత్తలో కార్డులు అరల్లోంచి కప్పల్లా ఎగిరి బల్లల కిందికి పోయేవట. అందరూ మోకాళ్ళ మీద పాకుతూ వెతుక్కునేవాళ్ళట. అంతకుముందు రకాలకి ఈ బాధ ఉండేది కాదు. వాటికి పక్కన ఒక మీట ఉండేది, దాన్ని నొక్కితే లోపల చిన్న చెయ్యిలాంటిది కార్డుని వెనకనుంచి నెట్టేది. కానీ ఆ మీటలు ఊరికే విరిగిపోయేవి. అందుకే మీట తీసేసి, కార్డునే నొక్కేలా చేశారు. దాంతో ఎగరడం మొదలైంది.

"పట్టుకోవడం తేలికే మేస్త్రీ. ఏ కొక్కెమైనా పట్టుకుంటుంది," అంది. "చేతిలో పెట్టినట్టు వదలాలి. అక్కడే మేం ఏళ్ళు తంటాలు పడ్డాం."

చిన్నవాటిలో కార్డు అంచుని ఒరుసుకుంటూ ఒక సన్నటి వంపు రేకు ఉంటుంది, వేగం తగ్గించడానికి. మేస్త్రి అలాగే ఇత్తడి రేకు బిగించి చూశాడు. పలక నెమ్మదించింది కానీ, ఆ కీచుమనే చప్పుడికి వీధిలో కుక్కలన్నీ లేచాయి. అప్పుడు మేస్త్రి భార్య లోపల్నుంచి పాత ఉన్ని కోటు ఒకటి తెచ్చి బల్ల మీద పడేసింది. కాలరు కింద వేసే మందపాటి గుడ్డ కత్తిరించి అంటించమంది. అంటించారు. ఈసారి పలక బయటికి వచ్చిన తీరు నేనెన్నటికీ మరిచిపోను. నిద్రలేచిన మనిషి దుప్పటి తప్పించుకుని వచ్చినట్టు, తొందర లేకుండా వచ్చి ఆగింది.

ఇంకో చిక్కు మిగిలింది. కడ్డీ కూర్చునే పల్లం అంచు మాటిమాటికీ పెచ్చులూడుతోంది. చెక్క ఈనె, అంటే దాని గీతలు, అటే పోతోంది కాబట్టి దెబ్బ తగిలినప్పుడల్లా చీలుతోంది. మేస్త్రి దాన్ని చూస్తూ చూస్తూ, మధ్యాహ్నం రంపపు పొట్టు కుప్ప మీద అలాగే ఒరిగి నిద్రపోయాడు.

ఆ నిద్రలో ఆయనకి కల వచ్చింది. తర్వాత నాకే స్వయంగా చెప్పాడు. తానొక గాడిలో నడుస్తున్నాడట. రెండు పక్కలా నున్నటి చెక్క గోడలు, తల ఎత్తితే ఆకాశం. అడుగున సన్నగా చెక్క పొట్టు పరిచి ఉంది, అడుగుల చప్పుడు లేదు. ఎక్కుతూ ఎక్కుతూ ఉంటే ఒకచోట దారి తిరిగింది, కాళ్ళ కింద మెట్టు దిగింది. వెనక్కి చూస్తే వచ్చిన దారి భుజమెత్తు గోడలా ఉంది. పోనీలే అనుకున్నాడు. ఎదురుగా ఒక పల్లం, అందులో ఎండ పడుతోంది. వెళ్ళి కూర్చున్నాడు. అక్కడ చాలా హాయిగా ఉందట. ఎవరో దూరాన్నుంచి నొక్కుతారని, అప్పుడు లేవాలని తెలుసు. కానీ ఎప్పుడన్న ఆత్రం లేదు. కూర్చుని, గోడ మీద చెక్క గీతల్ని వేలితో తడుముతూ ఉన్నాడు. లేచేసరికి చెంప మీద పొట్టు అచ్చు దిగింది.

ఆ మాట మర్నాడు డిజైనరమ్మకి చెప్పి, పిచ్చి కల అని తనే నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు. చేతిలో ఉన్న కొలబద్ద బల్ల మీద పెట్టి, తనకీ ఆ కల వస్తూ ఉంటుందని చెప్పింది. తన దాంట్లో గోడలు ప్లాస్టిక్‌వి, తెల్లగా ఉంటాయట, పైనుంచి మైక్రోస్కోపు దీపం వెలుగు పడుతూ ఉంటుందట. ఇంట్లో చెబితే పని ఎక్కువైందని అన్నారట. ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్ళు పరాయిచోట తారసపడితే ఎలా ఉంటారో అలా ఉన్నారిద్దరూ. ఆ తర్వాత మేస్త్రి పల్లం ఉన్నచోట చెక్కని చదరంగా కోసి తీసేసి, గట్టి చేవ ముక్కని ఈనె అడ్డంగా వచ్చేలా దిగ్గొట్టాడు. ఇక పెచ్చు లేవలేదు.

అంతా కుదిరాక, ఒకరోజు మేస్త్రి భార్య రెండు చేతులతో టీ పళ్ళెం పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. పలక బయటికి వచ్చి దారికి అడ్డంగా ఉంది. ఆవిడ మోచేత్తో దాన్ని తోసింది. అది లోపలికి పోయి నిలిచింది. ఆవిడ ఆగి, మళ్ళీ మోచేత్తోనే నొక్కింది. మెల్లగా బయటికి వచ్చింది. మళ్ళీ తోసింది. పళ్ళెంలో టీ చల్లారిపోతున్నా, ఆవిడ అలా తోస్తూ, రప్పిస్తూ, చిన్నపిల్లలా నవ్వుతూ నిలబడింది. మేస్త్రి కూడా నవ్వుతూనే చూశాడు మొదట. తర్వాత ఆయన చూపు ఆవిడ మోచేతి మీద ఆగిపోయింది.

కొన్నాళ్ళుగా ఇంట్లో ఒక విషయం ఆయనకి చిరాకుగా ఉండేది. వంటింట్లో అల్మారాల తలుపులు ఎప్పుడు చూసినా సగం తెరిచే ఉంటున్నాయి. వెళ్ళినప్పుడల్లా తల కొట్టుకుంటోంది. తలుపు వెయ్యడానికి కూడా తీరిక లేదా అని ఒకటి రెండుసార్లు విసుక్కున్నాడు కూడా. ఆవిడ కుట్టుపని తగ్గించుకుంది, కళ్ళు లాగుతున్నాయంది. ఆయన నమ్మాడు.

ఇప్పుడు ఆవిడ వెనకే వంటింట్లోకి వెళ్ళాడు. ఆవిడ పళ్ళెం దించి, మూసుకుపోయి ఉన్న ఒక అల్మారా దగ్గరికి వెళ్ళింది. దాని గుండ్రటి పిడికి గుడ్డపేలిక ఉచ్చులా కట్టి ఉంది. ఆవిడ ఆ ఉచ్చులోకి మణికట్టు దూర్చి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగింది. వేళ్ళ కణుపులు ఉబ్బి, వేళ్ళు ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆ చేతులు కళ్ళెదురుగా టీ అందిస్తూనే ఉన్నాయి.

"ఎప్పట్నుంచి?" అన్నాడాయన.

"చాన్నాళ్ళయింది. కీళ్ళవాతం అన్నాడు డాక్టరు."

"నాతో చెప్పలేదేం?"

ఆవిడ పేలిక విప్పుతూ, ఆయన వైపు చూడకుండా చెప్పింది. "ఈ పిడులు మన పెళ్ళయిన కొత్తలో మీరే చేశారు కదండీ. ఒక్కోదాన్నీ ఎంత మురిసిపోతూ తిప్పారో! ఇప్పుడు పట్టుకోలేకపోతున్నానని ఎలా చెప్పను?"

ఆ పూట ఆయన షెడ్డులో ఏ పనీ చెయ్యకుండా కూర్చున్నాడు. అది పరాకు కాదని నా కిటికీకి కూడా తెలిసింది.

ప్రదర్శన బాగా జరిగింది. నేనూ వెళ్ళాను. ఎత్తైన హాలు, ఎక్కడ చూసినా వెలిగే తెరలు, వాటి మధ్య నూనె రాసిన చెక్క గుండె. జనం వరసకట్టి నిలబడ్డారు. కోట్లు వేసుకున్న పెద్దవాళ్ళు పలకని తోసి, కడ్డీ కొస గాడిలో ఎక్కి పల్లంలో కూర్చోవడం చూసి, ఏ భాష వాళ్ళు ఆ భాషలో "ఓహో" అన్నారు. జనం పలచబడ్డాక డిజైనరమ్మ దగ్గరికి వచ్చింది. చెప్పులు విడిచి, పీట ఎక్కి, గాడిలో తన వేలు పెట్టింది. ఆవిడ ఇన్నేళ్ళూ దీన్ని అద్దాల కిందే చూసింది. షెడ్డులో కూడా కొలతలు చూడటమే కానీ, గాడిలో వేలు పెట్టి చూడటం అదే మొదలు. వేలు మెట్టు దగ్గర జారినప్పుడు ఆవిడ పెదవి కొరుక్కోవడం నేను చూశాను. మేస్త్రి మొహం పక్కకి తిప్పుకుని, లేని దుమ్ముని పలక మీంచి తుడిచాడు.

ప్రదర్శన అయిపోయాక దాన్ని విప్పి పారేస్తారని తెలిసి, మేస్త్రి అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. అది షెడ్డులో సగం జాగా ఆక్రమించింది. ఆయన దాని పక్కనే కూర్చుని, అరచేతిలో పట్టే గుండె ఒకటి చెక్కడం మొదలుపెట్టాడు. వంటింటి అల్మారాల కోసం.

పని అనుకున్నంత తేలిక కాలేదు. మొదట చేసినవి పట్టు చాలక, వీధిలో లారీ పోతే చాలు, తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకునేవి. "ఇల్లంతా ఆవలిస్తోందండీ," అనేది ఆవిడ. పల్లం లోతు పెంచితే పట్టు కుదిరింది కానీ, విడిపించాలంటే మరీ లోపలికి నొక్కాల్సి వచ్చేది. డిజైనరమ్మ సెలవు రోజుల్లో వచ్చి కూర్చునేది. లోతు ఎంత, స్ప్రింగు బిగువు ఎంత, ఒకటి పెంచితే రెండోది ఎక్కడ తగ్గించాలి అన్నది ఆవిడకి తెలుసు. చెక్క ఏం ఒప్పుకుంటుంది, ఏం ఒప్పుకోదు అన్నది ఈయనకి తెలుసు. ఇద్దరూ కలిసి చేసిన ప్రతిదానికీ తీర్పరి మాత్రం మేస్త్రి భార్యే. మోచేత్తో నొక్కి చూసి, ఇది బరువు, ఇది మరీ లోకువ, ఇది నన్ను చూసి భయపడుతోంది అని చెప్పేది. వాళ్ళు మారుమాట లేకుండా మళ్ళీ విప్పేవాళ్ళు.

ఒకరోజు ఆవిడ నొక్కింది, తలుపు మెల్లగా విచ్చుకుంది, ఆవిడ ఏమీ అనకుండా లోపల్నుంచి గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. అంతే. అది కుదిరిందని వాళ్ళిద్దరికీ అర్థమైంది. మేస్త్రి పిడులన్నీ ఊడదీసి, బెజ్జాలు పూడ్చాడు. ఆ పిడుల్ని పారేస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. డబ్బాలో పోసి అటక మీద పెట్టించింది.

ఆవిడకి వైద్యం చేసే డాక్టరు ఒకసారి వాళ్ళింటికి వచ్చి ఆ అల్మారాలు చూశాడు. ఆయన చెప్పగా కొందరు వచ్చారు. పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయిన గడియారాల మరమ్మతు ఆయన, వేళ్ళు వణికే సంగీతం టీచరు, ప్రమాదంలో చెయ్యి పోయిన బస్సు డ్రైవరు. మేస్త్రి వాళ్ళింటికి వెళ్ళి ముందు కూర్చునేవాడు. వాళ్ళు లేచేది, నడిచేది, దేనితో తోస్తారో, మోకాలితోనా, భుజంతోనా, అదంతా చూసేవాడు. తొందర లేదు. చూస్తూ ఉండటమే ఆయనకి ముందునుంచీ వచ్చిన విద్య. బస్సు డ్రైవరుకి చేసిన అల్మారా నుదుటితో నొక్కితే తెరుచుకుంటుంది. ఆయన పొద్దున్నే దానికి తల ఆనించి, తలుపు విచ్చుకునేదాకా అలా కళ్ళు మూసుకుని నిలబడతాడని వాళ్ళావిడ నవ్వుతూ చెప్పింది. అలా వచ్చింది నొక్కుడు మేస్త్రి అన్న పేరు. ఎవరు పెట్టారో తెలియదు.

కొన్నేళ్ళు గడిచాక డిజైనరమ్మ ఒకనాడు వేళకాని వేళ వచ్చింది. కార్డుల విభాగం మూసేస్తున్నారని చెప్పింది. ఇప్పుడొచ్చే ఫోన్లకి ఆ అరలే ఉండటం లేదు, అన్నీ లోపలే దాచుకుంటున్నాయి. తనకి వేరే పని ఇచ్చారు, ఆస్పత్రి యంత్రాల్లో మందు గొట్టాలు పట్టి ఉంచే క్లిప్పులు. మంచి పనే. కానీ ఇన్నేళ్ళు పట్టి చేసినదాన్ని ఇక ఎవరూ నొక్కరు కదా అంది. మేస్త్రి మాటల మనిషి కాదు. వంటింట్లోంచి ఆయన భార్యే వచ్చి, ఆవిడ పక్కన కూర్చుంది.

"నేను పొద్దున లేచిన దగ్గర్నుంచీ నొక్కుతూనే ఉన్నాను కదమ్మా," అంది. "ఇంకెవరు నొక్కాలి?"

డిజైనరమ్మ ఆ రోజు భోజనం చేసి వెళ్ళింది. ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. పెద్ద గుండెని మాత్రం కొత్త స్ప్రింగు వేసి, చూపు లేని పిల్లల బడికి ఇచ్చేశారు. వాళ్ళు గాడిలో చేతులు పెట్టి, ఒకరి తర్వాత ఒకరు, దారి చెప్పుకుంటూ తిరుగుతుంటారట.

ఈమధ్య విడవకుండా వాన పట్టింది. నేను కిటికీ వేసుకుని ప్రూఫులు చూస్తుంటే, కింద అలికిడి ఏదో తేడాగా అనిపించింది. దిగి వెళ్ళాను. చెమ్మకి చెక్క ఉబ్బి, వంటింట్లో అల్మారాలన్నీ బిగుసుకుపోయాయి. ఒక్కటీ రావడం లేదు. గిన్నెలు, పళ్ళేలు, పంచదార, అన్నీ లోపలే. మేస్త్రి భార్య ఒక్కో తలుపునీ మోచేత్తో పలకరించి చూసి, లాభం లేదని వచ్చి వరండాలో కూర్చుంది. ఆయన పక్కనే ఉన్నాడు. ఉలి పెట్టి తెరవచ్చు కదా అన్నాను.

"ఎండ రానీండి," అన్నాడు. "అవే వదులుతాయి."

నేను పైకి వెళ్ళి మా ఇంట్లోంచి పళ్ళేలు, కాస్త రొట్టె, టీ పట్టుకొచ్చాను. ఆవిడ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, రెండు అరచేతుల మధ్య గ్లాసు పట్టుకుంది. ముగ్గురం అలా కూర్చుని తింటున్నాం. రేకుల మీద వాన ఒకే శ్రుతిలో పడుతోంది. ఎదుటి ఇళ్ళు తడి వెనక అలికినట్టు కనపడుతున్నాయి. గొడుగు లేని మనిషెవరో తలమీద సంచీ పెట్టుకుని, నీళ్ళలో అడుగు తీసి అడుగు వేస్తూ, చాలాసేపటికి వీధి మలుపు దాటాడు. మేస్త్రి ఇంకా అటే చూస్తున్నాడు. ఆయన చేతిలో రొట్టె ముక్క ఎప్పుడో ఆగిపోయింది. ఆవిడ చూసింది కానీ పిలవలేదు. టీ తాగుతూ తనూ అటే చూస్తూ కూర్చుంది.